కన్నీటి గ్రంథి మీద సొంత ఇమ్యూనిటీ ఎందుకు తిరగబడుతుంది?

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా చెబుతాను. మీ అక్కగారికి 38 ఏళ్ళు. ఏడాదిగా కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర, మంట. ఉల్లిపాయలు తరిగినా కళ్ళలో నీళ్ళు రావడం లేదు. ఈ మధ్య రెండు పైరెప్పలూ బయటి వైపు కొద్దిగా ఉబ్బాయి. రక్తపరీక్షలో ఏఎన్ఏ, యాంటీ-రో (సొంత కణాల మీదే తయారయ్యే యాంటీబాడీలు) రెండూ పాజిటివ్ వచ్చాయి. డాక్టరుగారు "కన్నీటి గ్రంథులకి వాపు వచ్చింది, ఇమ్యూనిటీ సమస్య" అన్నారు. ఇంట్లోవాళ్ళు ఇమ్యూనిటీ తగ్గిపోయిందనుకుని తిప్పతీగ కషాయం మొదలుపెట్టారు. అది మంచిదేనా, అసలు సొంత శరీరమే కన్నీటి గ్రంథిని ఎందుకు పాడుచేస్తుంది అన్నది మీ సందేహం.

కంటి వైద్యంలో ఇలాంటి పేషెంట్లను చాలామందినే చూశాను. రిపోర్టులు చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయను గానీ, మీరు చెప్పినదాన్ని బట్టి మొదట ఆలోచించాల్సింది షోగ్రెన్ సిండ్రోమ్, అంటే సొంత ఇమ్యూనిటీయే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడిచేసే జబ్బు. కషాయం మాత్రం ఈరోజే ఆపించండి. మీ అక్కగారి ఇమ్యూనిటీ తగ్గలేదు. దాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు దెబ్బతింది. అలాంటప్పుడు ఇమ్యూనిటీని రెచ్చగొట్టేది ఏదైనా, ఆకు పసరైనా పొడైనా, మంటలో కిరోసిన్ పోసినట్టే. తిప్పతీగ వాడినవాళ్ళలో ఆటోఇమ్యూన్ (సొంత ఇమ్యూనిటీయే దాడిచేసే) తరహా కాలేయ వాపు వచ్చిన కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. అందులో కొందరికి అంతకుముందే ఆటోఇమ్యూన్ ధోరణి ఉంది.

ఇక "ఎందుకు" అన్నదానికి వద్దాం. కన్నీటి గ్రంథి కంటి గుంటలో పైన, బయటి వైపు, కనుబొమ్మ ఎముక కింద ఒదిగి ఉంటుంది. అందుకే వాచినప్పుడు పైరెప్ప మొత్తం ఉబ్బదు, బయటి సగమే బరువుగా కిందికి వాలి, రెప్ప అంచు వంకర తిరుగుతుంది. ఈ గ్రంథి చేసేది నీళ్ళు మాత్రమే కాదు. కంటి పైపొరని సూక్ష్మజీవుల నుంచి కాపాడే లైసోజైమ్, లాక్టోఫెర్రిన్, ఐజీఏ యాంటీబాడీలు కూడా ఇక్కడి నుంచే కన్నీటిలోకి వస్తాయి. ఆ ఐజీఏని తయారుచేసే ప్లాస్మా కణాలు గ్రంథిలోనే కాపురం ఉంటాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో కూడా ఇమ్యూన్ కణాలు ఎప్పుడూ ఉంటాయి. ఇవి ఉంటూనే, గొడవ చేయకుండా ఉండాలి. ఈ శాంతి దానంతట అది ఉండదు, శరీరం ప్రతిరోజూ కష్టపడి నిలబెట్టుకుంటుంది.

ఆ పని మొదలయ్యేది చాలా దూరంలో, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్‌లో. ఇమ్యూన్ వ్యవస్థలో శత్రువుని గుర్తుపట్టి దాడిచేసే టీ కణాలు (టీ-సెల్స్) అక్కడే పెరుగుతాయి. ఏ టీ కణం దేన్ని గుర్తుపడుతుందన్నది దాదాపు యాదృచ్ఛికంగా తయారవుతుంది కాబట్టి, సొంత అవయవాలను శత్రువుగా గుర్తుపట్టేవి కూడా పుడతాయి. వాటిని బయటికి వదలకముందే ఏరేయాలి. కానీ ఛాతీలో ఉన్న థైమస్‌కి కంట్లోని ప్రొటీన్లు ఎలా తెలుస్తాయి? అందుకు ఏర్ (ఏ-ఐ-ఆర్-ఈ) అనే జన్యువు ఉంది. 1997లో దాన్ని కనిపెట్టారు. థైమస్ కణాల చేత అది శరీరంలోని రకరకాల అవయవాల ప్రొటీన్లను కొద్దికొద్దిగా తయారుచేయిస్తుంది. వాటి మీద గట్టిగా స్పందించిన టీ కణాలు అక్కడే చచ్చిపోతాయి. ఈ జన్యువు పనిచేయని మనుషులకి పిల్లతనం నుంచే పలు గ్రంథులు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. ఇదే జన్యువును తీసేసిన చిట్టెలుకల్లో కన్నీటి గ్రంథి వాచి, కళ్ళు ఎండిపోతాయి. ఆ ఎలుకల ఇమ్యూన్ వ్యవస్థ దాడి చేస్తున్నది కన్నీటి గ్రంథి తయారుచేసే ఒక ప్రత్యేకమైన ప్రొటీన్ మీద అని 2010లో తేలింది. ఆ ఒక్క ప్రొటీన్‌ని థైమస్ చూపించలేకపోవడం చాలు, దాన్ని గుర్తుపట్టే కణాలు ఏరివేతకి దొరక్కుండా బయటికి వచ్చేస్తాయి.

ఈ ఏరివేత ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి నూరుపాళ్ళు జరగదు. మీలో, నాలో కూడా సొంత శరీరాన్ని కరవగల టీ కణాలు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని ఆపేవి రెగ్యులేటరీ టీ కణాలు, పొట్టిగా ట్రెగ్‌లు. జపాన్‌లో షిమోన్ సకాగుచి 1995లో వీటిని విడిగా గుర్తించారు. వీటికి ప్రాణాధారమైన ఫాక్స్‌పీ3 జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో బయటపెట్టారు. ఈ ముగ్గురికీ 2025 వైద్య నోబెల్ వచ్చింది. ఫాక్స్‌పీ3 పుట్టుకతోనే పాడైన పసిపిల్లల్లో పేగులు, చర్మం, పాంక్రియాస్ అన్నీ ఒకేసారి వాచిపోతాయి.

అయితే మీ అక్కగారి లాంటి వాళ్ళలో ఒళ్ళంతా ఇలా కాలేదు. కన్నీటి గ్రంథి, లాలాజల గ్రంథి లాంటి కొన్నే దెబ్బతింటాయి. మరి అదుపు తప్పితే ఒక్కచోటే ఎందుకు తప్పాలి? ఈ ప్రశ్నకి నాకు బాగా నచ్చిన జవాబు ఒక ఎలుకల ప్రయోగంలో ఉంది, కాస్త వివరంగా చెబుతాను.

నాడ్ అనే జాతి చిట్టెలుకలు ఉన్నాయి. వీటికి డయాబెటిస్‌తో పాటు షోగ్రెన్‌ని పోలిన జబ్బు దానంతట అదే వస్తుంది. విచిత్రం ఏమిటంటే కన్నీటి గ్రంథి వాపు వీటిలో మగవాటికే వస్తుంది. పరిశోధకులు ఈ ఎలుకల మెడలో, కన్నీటి గ్రంథికి దగ్గరగా ఉండే లింఫు గ్రంథుల నుంచి కణాలు తీసి, సొంత టీ కణాలు, యాంటీబాడీలు చేసే బీ కణాలు లేని ఎలుకల్లోకి ఎక్కించారు. ఆడ ఎలుక కణాలను ఆడ ఎలుకకి ఎక్కిస్తే గ్రంథికి ఏమీ కాలేదు. అదే కణాల్లోంచి ట్రెగ్‌లను ముందే తీసేసి ఎక్కిస్తే గ్రంథి వాచింది. అంటే దాడిచేసే కణాలు ఆడవాటిలో కూడా సిద్ధంగా ఉన్నాయి, ట్రెగ్‌లు వాటిని ఆపుతున్నాయి. మగ నుంచి మగకి ఎక్కించినప్పుడు మాత్రం ట్రెగ్‌లు ఉన్నా, తీసేసినా వాపు ఒకేలా వచ్చింది. ట్రెగ్‌లు ఉండి కూడా ఉపయోగం లేదన్నమాట. సరే, మగ ట్రెగ్‌లే పుట్టుకతో చేతకానివేమో అనుకుంటాం కదా? అవే మగ ట్రెగ్‌లను ఆడ ఎలుకలో పెడితే చక్కగా పనిచేసి గ్రంథిని కాపాడాయి! లోపం కణాల్లో లేదు, అవి పనిచేయాల్సిన వాతావరణంలో ఉంది. అందులో మగ హార్మోన్ల పాత్ర కొంతైనా ఉందని కూడా తేలింది.

మనుషుల్లో లెక్క తిరగబడుతుంది. షోగ్రెన్ పేషెంట్లలో దాదాపు పదిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. కాబట్టి ఎలుకల హార్మోన్ కథని మనకి అలాగే అంటగట్టకూడదు. కానీ ఈ ప్రయోగం నేర్పిన అసలు విషయం మనకీ వర్తిస్తుందని నా నమ్మకం: రక్తంలో ట్రెగ్‌లు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే ముఖ్యం కాదు, ఆ గ్రంథిలో, ఆ పరిస్థితిలో వాటి మాట చెల్లుతోందా లేదా అన్నది ముఖ్యం. ఇంకో మాట, ఆ చేతకానితనం శాశ్వతం కాదు. పరిస్థితి మారితే అవి మళ్ళీ పనిచేయగలవు.

మనుషుల గ్రంథిలో ఆ పరిస్థితి ఎలా చెడుతుంది? హెచ్ఎల్ఏ, ఐఆర్ఎఫ్5, స్టాట్4 లాంటి జన్యువుల్లో కొన్ని రకాలు పుట్టుకతో వచ్చి నేల సిద్ధం చేస్తాయి. ఏదో ఒక వైరస్ నిప్పు పెడుతుందని చాలాకాలంగా అనుమానం. షోగ్రెన్ పేషెంట్లలో వైరస్ వచ్చినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్ సంకేతాలు ఎక్కువగా కనిపించడం ఆ అనుమానానికి బలం. ఆ తర్వాత గ్రంథి కణాలు కూడా ఊరుకోవు. నాళాల గోడ కణాలు ఇమ్యూన్ కణాలను పిలిచే రసాయనాలు విడుదల చేస్తాయి. బీ కణాలను బతికించే బాఫ్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. మామూలుగా చచ్చిపోవాల్సిన, సొంత శరీరం మీద యాంటీబాడీలు చేసే బీ కణాలు దానివల్ల బతికిపోతాయి. మీ రిపోర్టులోని యాంటీ-రో అలాంటి కణాల పనే. ఈ యాంటీబాడీ కొందరిలో లక్షణాలు కనపడటానికి చాలా ఏళ్ళ ముందే రక్తంలో ఉంటుంది.

కింది పెదవి లోపలి నుంచి తీసిన చిన్న లాలాజల గ్రంథి ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే ఇదంతా కళ్ళకి కడుతుంది. గులాబీ రంగు గ్రంథి గుత్తుల మధ్య, సరిగ్గా నాళం చుట్టూ, ముదురు నీలి చుక్కలు గుమిగూడి ఉంటాయి. అవి లింఫోసైట్లు. 50కి మించి ఒకచోట చేరితే దాన్ని ఒక ఫోకస్ అంటారు. 4 చదరపు మిల్లీమీటర్ల కణజాలంలో అలాంటిది కనీసం ఒకటి ఉంటే షోగ్రెన్‌కి గట్టి ఆధారం. ముదిరిన కేసుల్లో ఆ గుంపు లింఫు గ్రంథి లోపలి భాగంలా మారి, అక్కడికక్కడే కొత్త బీ కణాలను తయారుచేస్తూ ఉంటుంది. కన్నీటి గ్రంథిలోనూ జరిగేది ఇదే. పెదవి నుంచి తీయడం సులువు, ప్రమాదం తక్కువ కాబట్టి అక్కడి నుంచి తీస్తాం.

ఆ స్లైడులో చాలామంది గమనించనిది ఒకటుంది. గుంపుల పక్కనే బోలెడు గ్రంథి గుత్తులు చెక్కుచెదరకుండా ఉంటాయి. అయినా కళ్ళు ఎండిపోతాయి. ఎందుకంటే, వాపులో విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రసాయనాలు గ్రంథికి "కన్నీరు వదులు" అని చెప్పే నరాల సంకేతాన్నే అణిచేస్తాయి. ఉల్లిపాయ ఘాటు కంటికి తెలుస్తుంది, మంట పుడుతుంది, నీరు మాత్రం రాదు. కాబట్టి కళ్ళు ఎండినంత మాత్రాన గ్రంథి మొత్తం పోయిందని కాదు. తొందరగా వైద్యం మొదలుపెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఎండటం కూడా తిరిగి వాపుని పెంచుతుంది. కన్నీరు తగ్గితే మిగిలిన దానిలో ఉప్పు సాంద్రత పెరుగుతుంది. దానికి కంటి పైపొర కణాలు వాపు సంకేతాలు పంపుతాయి. అవి మెడ లింఫు గ్రంథులకి చేరి కొత్త టీ కణాలను తయారుచేయిస్తాయి. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో మామూలు ఎలుకల కళ్ళని పొడిగాలితో ఎండబెట్టి, వాటి టీ కణాలను టీ కణాలు లేని ఎలుకలకి ఎక్కించారు. వాటి కళ్ళని ఎవరూ ఎండబెట్టలేదు, అయినా వాటి కన్నీటి గ్రంథులు వాచాయి. ట్రెగ్‌లు కలిపి ఎక్కిస్తే జబ్బు తగ్గింది. కన్నీటి చుక్కలు "ఊరికే ఉపశమనానికి" అని పేషెంట్లు మానేస్తుంటారు. అవి ఈ వలయాన్ని తెంపే మొదటి మందు. ముఖం మీదికి ఏసీ గాలి, టేబుల్ ఫ్యాన్ గాలి తగలకుండా చూసుకోమని చెప్పేదీ ఇందుకే.

ఇదంతా ఎలుకల మాటే కదా అనుకునేవాళ్ళకి మనుషుల్లోనే ఒక రుజువు ఉంది. క్యాన్సర్‌కి ఇచ్చే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు టీ కణాల మీద ఉండే పీడీ-1 అనే నియంత్రణని తొలగిస్తాయి. ఆ టీ కణాలు క్యాన్సర్‌ని చంపాలని ఉద్దేశం. కొందరిలో అవి కన్నీటి, లాలాజల గ్రంథుల మీద కూడా పడతాయి. కొన్ని వారాల్లో, నెలల్లో నోరు, కళ్ళు ఎండిపోతాయి. యాంటీ-రో కూడా చాలామందిలో ఉండదు. అదుపు తీసేయడమే ఇక్కడ కారణం. బోన్‌మ్యారో మార్పిడి తర్వాత దాత కణాలు పేషెంటు కన్నీటి గ్రంథిని గట్టిపరిచేయడం కూడా దీనికి దగ్గరి సమస్యే.

అలాగని అదుపు తప్పడమంటే ప్రతిసారీ ట్రెగ్‌లు ఓడిపోవడమే అనుకోకండి. ఐజీజీ4 అనే ఒక రకం యాంటీబాడీ పేరుతో ఐజీజీ4 జబ్బు అని ఒకటుంది. 1888లో యాన్ మికులిచ్ అనే సర్జన్ రెండువైపులా కన్నీటి, లాలాజల గ్రంథులు నొప్పి లేకుండా ఉబ్బిన ఒక రైతు కేసుని వివరించాడు. దశాబ్దాలపాటు దాన్ని షోగ్రెన్‌లో ఒక రకంగానే చూశారు. ఇలాంటి పేషెంట్లలో చాలామందికి ఉన్నది వేరే జబ్బని 2000 తర్వాత జపాన్ వైద్యులు తేల్చారు. ఇందులో గ్రంథి నిండా ఐజీజీ4 చేసే ప్లాస్మా కణాలు, చుట్టలు చుట్టుకున్నట్టు పీచు కణజాలం ఉంటాయి. ట్రెగ్‌లు తగ్గకపోగా ఎక్కువగానే కనిపిస్తాయి. అవి విడుదల చేసే ఐఎల్-10 బీ కణాలను ఐజీజీ4 వైపు, టీజీఎఫ్-బీటా కణజాలాన్ని పీచు వైపు నడిపిస్తాయని భావిస్తున్నారు. పేషెంటుని చూస్తే తేడా తెలుస్తుంది: షోగ్రెన్‌లో ఎండడం ఎక్కువ, ఉబ్బు తక్కువ. ఐజీజీ4లో ఉబ్బు బాగా కనిపిస్తుంది, ఎండడం తక్కువ, స్టెరాయిడ్ ఇవ్వగానే కరిగిపోతుంది.

మీ అక్కగారికి రెప్పలు ఉబ్బాయన్నారు కాబట్టి రక్తంలో ఐజీజీ4 పరీక్ష కూడా చేయించమంటాను. సార్కాయిడోసిస్ అనే మరో వాపు జబ్బు కూడా రెండు గ్రంథులనీ ఉబ్బిస్తుంది. మన దేశంలో దాన్ని టీబీ నుంచి వేరు చేయాలి కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. గవదబిళ్ళల వైరస్ వల్ల వచ్చే వాపు జ్వరంతో వచ్చి పోతుంది, ఏడాది ఉండదు.

పరీక్షల్లో షిర్మర్ టెస్టు సులువైనది. 5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్టర్ కాగితం పట్టీని కింది రెప్ప బయటి వైపు తగిలించి 5 నిమిషాలు కూర్చోబెడతాం. తడి 5 మిల్లీమీటర్లు దాటకపోతే అది షోగ్రెన్ లెక్కలో ఒక పాయింటు. 2016 ప్రమాణాల ప్రకారం యాంటీ-రోకి 3 పాయింట్లు, పెదవి బయాప్సీకి 3, షిర్మర్‌కి 1, రంగు చుక్క వేసి చూసినప్పుడు కంటి పైపొర మీద కనిపించే మచ్చలకి 1, లాలాజలం తక్కువుంటే 1. మొత్తం 4 వస్తే షోగ్రెన్ అంటారు. అంటే యాంటీ-రో ఉన్న మీ అక్కగారికి షిర్మర్ కూడా తగ్గితే బయాప్సీ లేకుండానే తేలిపోవచ్చు. ఒక్క మినహాయింపు ఉంది. ఉబ్బు ఒకవైపే ఉన్నా, గట్టిగా పెరుగుతున్నా, నొప్పి ఉన్నా స్కాన్ తీసి, గ్రంథి నుంచే బయాప్సీ చేయాలి. అది కాకముందే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టకూడదు. లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) కూడా స్టెరాయిడ్‌తో తాత్కాలికంగా కరిగి, బయాప్సీలో దొరక్కుండా పోతుంది.

వైద్యం సంగతి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రోజంతా, రాత్రికి జెల్. టీ కణాలను శాంతింపజేసే సైక్లోస్పోరిన్ చుక్కలు మొదట్లో మండుతాయి, ఫలితం కనపడటానికి నెలలు పడుతుంది. రెండు వారాలకే పనిచేయలేదని ఆపేయొద్దు. వాపు తగ్గాక కన్నీరు బయటికి పోయే రంధ్రాలకి ప్లగ్ పెట్టవచ్చు, ఇంకా కష్టంగా ఉంటే సొంత రక్తంలోని సీరంతో చేసిన చుక్కలు ఉన్నాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ కీళ్ళనొప్పులకీ చర్మానికీ వాడుతుంటారు. కళ్ళు ఎండడం మీద దాని ప్రభావం గురించి మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 2014లో ఫ్రాన్స్‌లో 120 మంది మీద చేసిన పరీక్షలో ఎండడం, నొప్పి, నీరసం తగ్గడంలో అది ఉత్తి మాత్ర కంటే మెరుగ్గా తేలలేదు. వాడేటట్లయితే రెటీనా పరీక్ష మొదట్లో ఒకసారి, ఐదేళ్ళ తర్వాత ఏటా.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు వద్దే వద్దు. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, కానీ నెలల తరబడి వేసుకుంటే గ్లకోమా, శుక్లాలు వస్తాయి. అలా చూపు పోగొట్టుకున్న వాళ్ళని చూశాను, ఆ నష్టాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. జలుబుకి, దురదకి వేసుకునే సెటిరిజిన్ లాంటి మాత్రలు, నిద్రకి ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా కళ్ళని ఇంకా ఎండిస్తాయి. అలాంటివి వాడుతుంటే డాక్టరుకి చెప్పమనండి.

కంటి డాక్టరుతో పాటు రుమటాలజిస్టుని (కీళ్ళ, ఆటోఇమ్యూన్ జబ్బుల డాక్టరుని) తప్పక కలవాలి. మీ అక్కగారికి ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే యాంటీ-రో సంగతి గైనకాలజిస్టుకి ముందే తెలియాలి. ఈ యాంటీబాడీ ఉన్న తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి గుండె కొట్టుకునే వ్యవస్థలో అడ్డంకి వస్తుంది, గర్భంలోనే గమనిస్తూ ఉండాలి. దీర్ఘకాలంలో నూటికి దాదాపు ఐదుగురు షోగ్రెన్ పేషెంట్లకి లింఫోమా వస్తుంది. అదుపులేని బీ కణాలు ఏళ్ళ తరబడి పెరుగుతూ పోవడమే దానికి మూలం. మిగతా తొంభైఐదు మందికి రాదు, కాబట్టి టెన్షన్ పెట్టుకోకండి. చెవి కింద గ్రంథి ఉబ్బి తగ్గకపోవడం, కాళ్ళ మీద ఎర్రటి మచ్చలు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తంలో సీ4 అనే ఇమ్యూన్ ప్రొటీన్ తక్కువగా ఉండడం లాంటివి కనిపిస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్ళాలి. ఐజీజీ4, సీ4, షిర్మర్ రిపోర్టులు చేతికొచ్చాక ఇక్కడే రాయండి, పేరు తీసేసి అంకెలు ఇస్తే చాలు, చూసి చెబుతాను.